జరిమానా పెరిగింది, జంకు పెరగలేదు

తాగి బండి నడిపేవాడు శిక్ష ఎంతో లెక్క వేసుకోడు, ఈ రాత్రి ఎవరైనా ఆపుతారా అనే ఆలోచిస్తాడు. ఈ సంగతి పుదుచ్చేరికి అందరికన్నా ముందు తెలియాలి

పుదుచ్చేరి రవాణా శాఖ ప్రధాన కార్యాలయం ముదలియార్‌పేటలో ఉంది. బండి నడపడానికి అనుమతి ఇచ్చేది అక్కడే. ఆ అనుమతిని పోగొట్టుకునే దారి కూడా అదే పేటలోంచి పోతుంది. పట్టణం నుంచి దక్షిణంగా కడలూరు వెళ్లే రోడ్డు అది, పూర్వపు 45-ఏ నంబరు జాతీయ రహదారి. 2020లో మూతపడిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు పక్కనుంచి, మరప్పాలం కూడలి దాటి, అరియాంకుప్పం వంతెన మీదుగా సాగి ముల్లోడై దగ్గర తమిళనాడులో కలుస్తుంది. సాయంత్రం ఈ రోడ్డు మీద తమిళనాడు నంబరు ప్లేట్లు పట్టణం వైపు వస్తాయి. రాత్రి అవే నంబర్లు వెనక్కి వెళతాయి. మధ్యలో ఏం జరుగుతుందో పుదుచ్చేరిలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు.

దీని వెనుక ఉన్నది మామూలు సరిహద్దు ఆర్థికశాస్త్రమే. పుదుచ్చేరిలో మద్యం మీద పన్ను తక్కువ. పక్క రాష్ట్రంలో 21 ఏళ్లు నిండాలి, ఇక్కడ 18 చాలు. తమిళనాడులో 2003 నుంచి చిల్లర మద్యం అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ గుత్తాధిపత్యం. ఇక్కడ ప్రైవేటు దుకాణాలు, బార్లు పోటీ పడతాయి. తాగడానికి వచ్చినవాడు తిరిగి వెళ్లాలి. వచ్చింది బండి మీద కాబట్టి వెళ్లేదీ బండి మీదే. కడలూరు పాతిక కిలోమీటర్ల లోపు దూరం. ఆ దూరానికి లాడ్జిలో గది తీసుకునేవాడు ఎవడు?

ఈ దృశ్యం తెలుగు పాఠకులకు కొత్త కాదు. పేరు మార్చి యానాం అనుకుంటే సరిపోతుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన ఆ చిన్న గోదావరి పట్టణం 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు చుట్టుపక్కల వారికి యాత్రాస్థలమైంది. 1997లో నిషేధం సడలినా ఆకర్షణ తగ్గలేదు. 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు మండినప్పుడు మరోసారి గిరాకీ పుంజుకుంది. కాకినాడ నుంచి, వంతెన దాటి కోనసీమ నుంచి వచ్చి వెళ్లే మోటారు సైకిళ్ల కథ, కడలూరు రోడ్డు కథ ఒకటే.

ఇలాంటి చోట చట్టం కఠినమైతే రోడ్డు మీద చావులు తగ్గుతాయా? తగ్గుతాయనే నమ్మకంతోనే పార్లమెంటు 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి 185వ సెక్షన్ కింద తాగి నడిపిన వాడికి తొలి తప్పుకు జరిమానా 2,000 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. మళ్లీ దొరికితే 15,000. జైలు శిక్ష పాత చట్టంలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. మొదటిసారి ఆరు నెలల వరకు, రెండోసారి రెండేళ్ల వరకు. చాలా ఉల్లంఘనల విషయంలో కొన్ని రాష్ట్రాలు జనం గోలకు తలొగ్గి జరిమానాలు తగ్గించుకున్నాయి. తాగి నడపడం మాత్రం అక్కడికక్కడ డబ్బు కట్టి రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదు. కేసు కోర్టుకు వెళ్లవలసిందే.

మరి ఫలితం? దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 2019లో దాదాపు లక్షన్నర. లాక్‌డౌన్ పుణ్యమా అని 2020లో తగ్గారు. 2022 నాటికి 1,68,491. 2023లో 1.72 లక్షలు దాటారు. వాహనాలు పెరిగాయి, వేగం పెరిగింది, రోడ్లు వెడల్పయ్యాయి, కాబట్టి ఈ పెరుగుదలకు చట్టాన్ని తప్పుపట్టలేం. కానీ అయిదు రెట్లు పెరిగిన జరిమానా ప్రాణాలు కాపాడిందని చెప్పడానికి ఈ అంకెల్లో ఆధారం వెతికినా దొరకదు.

అసలు ఈ అంకెల్లోనే ఒక తిరకాసు ఉంది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్క ప్రకారం 2022లో మద్యం, మత్తుపదార్థాల వల్ల జరిగిన ప్రమాదాల్లో చనిపోయింది 4,201 మంది. అంటే మొత్తం మృతుల్లో రెండున్నర శాతం. ఇది నిజమైతే మనది ప్రపంచంలోనే అతి నిగ్రహం గల డ్రైవర్ల దేశం. బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు ఏళ్ల తరబడి తలకు గాయాలై వచ్చినవారిని పరీక్షించి తేల్చిన వాటా దీనికి ఎన్నో రెట్లు. తేడా ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు. ప్రమాదం జరిగిన చోట పోలీసు మొదటి పని గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చడం, ట్రాఫిక్ కదిలించడం. బ్రెత్ ఎనలైజర్ గుర్తుకొచ్చేసరికి మత్తు దిగిపోతుంది. పోయినవాడు తాగి ఉన్నాడని రాస్తే పరిహారం దగ్గర పేచీ వస్తుందని కుటుంబం భయం. ‘అతివేగం’ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. 2022 మృతుల్లో 71 శాతం మంది ఆ ఖాతాలోనే ఉన్నారు. అందులో ఎంత వేగం యాక్సిలరేటర్‌ది, ఎంత వేగం సీసాది అని అడిగేవారు లేరు.

చట్టం సత్తా తెలియాలంటే దాన్ని గట్టిగా ప్రయోగించిన చోటికి వెళ్లాలి. బ్రిటన్‌లో 1967 అక్టోబర్‌లో బ్రెత్ ఎనలైజర్ వచ్చింది. తెచ్చిన రవాణా మంత్రి బార్బరా కాజిల్‌కు కారు నడపడం రాదు, ఆ మాట అని ఆమెను ఎగతాళి చేసినవారు చాలామంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటి ఏడాదిలోనే మరణాలు వెయ్యికి పైగా తగ్గాయి. తగ్గుదల ప్రధానంగా వారాంతపు రాత్రుల్లో కనిపించింది, కాబట్టి ఘనత చట్టానిదే. అయితే కొన్నేళ్లకే ఆ ప్రభావం కరిగిపోయింది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెచ్. లారెన్స్ రాస్ కారణం వెతికారు. కొత్తలో ప్రతి మలుపులో పోలీసు ఉంటాడనుకున్న జనం, నిజానికి తమను ఆపేవాడు అరుదని అనుభవం మీద తెలుసుకున్నారు. చట్టం మారలేదు, శిక్ష తగ్గలేదు. తగ్గింది భయం ఒక్కటే.

దీనికి అద్దంలో బొమ్మ లాంటిది స్కాట్లండ్ అనుభవం. 2014 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం పరిమితిని 80 నుంచి 50కి దించింది. ఇంగ్లండ్, వేల్స్ పాత పరిమితిలోనే ఉండిపోవడంతో పరిశోధకులకు సరిహద్దుకు అటూ ఇటూ పోల్చి చూసే అవకాశం దొరికింది. గ్లాస్గో విశ్వవిద్యాలయ బృందం లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితం ప్రభుత్వాన్ని నిరాశపరిచింది. ప్రమాదాలు తగ్గలేదు. అంకె మారింది కానీ దాన్ని అమలు చేసే తనిఖీలు పెరగలేదన్నది వారు చూపిన ప్రధాన కారణాల్లో ఒకటి. మన పరిమితి స్కాట్లండ్ కన్నా కఠినం, 1994 సవరణ నుంచి 30 మిల్లీగ్రాములే. కాగితం మీద మనం స్కాట్లండ్‌ను ఎప్పుడో దాటేశాం.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ మరో దారి పట్టింది. 1982 డిసెంబర్ 17న అక్కడ యాదృచ్ఛిక శ్వాస పరీక్షలు మొదలయ్యాయి. అనుమానం ఉండనక్కర్లేదు, బండి తూలనక్కర్లేదు, ఎవరినైనా ఎక్కడైనా ఆపి ఊదమనవచ్చు. మొదటి 12 నెలల్లో జరిపిన పరీక్షలు తొమ్మిది లక్షలకు పైమాటే. అంటే లైసెన్సు ఉన్న ప్రతి ముగ్గురికీ ఒకటి చొప్పున. ప్రాణాంతక ప్రమాదాలు పడిపోయాయి, బ్రిటన్‌లో లాగా మళ్లీ లేవలేదు. పట్టుబడినవాడు ఒక్కడైతే, ఊది బయటపడినవారు వందమంది. ఆ వందమందీ ఇంటికి వెళ్లి ‘నన్ను ఆపారు’ అని చెప్పారు. అంతకు మించిన ప్రచారం ఏ ప్రకటనకూ సాధ్యం కాదు.

శిక్షలు పెంచితే ఏమీ రాదని తేల్చేయడం కూడా తొందరపాటే. జపాన్ అందుకు సాక్ష్యం. పసిపిల్లలను బలిగొన్న 1999, 2006 నాటి ప్రమాదాలు ఆ దేశాన్ని కుదిపేశాయి. 2002లో పరిమితి తగ్గించి జరిమానాలు పెంచారు. 2007లో ఇంకో అడుగు వేసి, తాగినవాడికి వాహనం ఇచ్చినవాడిని, వెళ్లి నడుపుతాడని తెలిసి మద్యం పోసినవాడిని, పక్క సీట్లో కూర్చున్నవాడిని కూడా శిక్షించే చట్టం తెచ్చారు. 2000లో 1,200కు పైగా ఉన్న తాగి నడిపిన ప్రాణాంతక ప్రమాదాలు 2010 నాటికి 300 లోపుకు దిగాయి. కానీ అక్కడ పోలీసును బేరానికి పిలిచే అలవాటు లేదు. మన దగ్గర జరిమానా 10,000 అయితే బేరం రేటూ దాన్నిబట్టే పెరుగుతుంది. పోయడం నేరమన్న ఆ జపాను సూత్రం పుదుచ్చేరికి వర్తింపజేస్తే ఏమవుతుందో కాసేపు ఊహించండి. పోస్తున్నవారి వరుసలో ఎక్సైజ్ రాబడి అందుకునే ప్రభుత్వమే మొదట నిలబడాలి.

ఇవన్నీ ధనిక దేశాల ముచ్చట్లు, మన పోలీసుతో అయ్యేపని కాదంటారా? రాజస్థాన్‌లో అయింది. 2010-11లో ఆ రాష్ట్ర పోలీసులతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, డేనియల్ కెనిస్టన్, నీనా సింగ్ ఒక ప్రయోగం చేశారు. వీరిలో నీనా సింగ్ స్వయంగా పోలీసు అధికారి. బెనర్జీ, డఫ్లోలకు తర్వాత 2019లో నోబెల్ వచ్చింది. కొన్ని పోలీసు స్టేషన్ల పరిధిలో రాత్రిపూట తాగుబోతు డ్రైవర్ల తనిఖీ ఎప్పుడూ ఒకే చోట పెట్టారు. మరికొన్నిటిలో చోటు మారుస్తూ పోయారు. ఒకే చోట నిలబడిన తనిఖీ వల్ల చెప్పుకోదగ్గ ఫలితం లేదు. చోటు మార్చిన తనిఖీ రాత్రి ప్రమాదాలను 17 శాతం, రాత్రి మరణాలను 25 శాతం తగ్గించింది. అదే చట్టం, పాత 2,000 రూపాయల జరిమానా, అదే పోలీసు శాఖ. మారింది నిలబడే చోటు.

ముదలియార్‌పేటవాసికి ఇది పరిశోధన చదవకుండానే అర్థమవుతుంది. తనిఖీ రోజూ మరప్పాలం కూడలిలోనే ఉంటే, వారంలో ఊరందరికీ సందులు కంఠతా వచ్చేస్తాయి. మొన్నటి దాకా రోడ్డు మీద వెళ్లిన తాగుబోతు రేపటి నుంచి ఇళ్ల మధ్యనుంచి, పిల్లలు ఆడుకునే వీధుల్లోంచి వెళతాడు. అదే తనిఖీ ఒకరోజు మురుంగపాక్కంలో, మరుసటి రోజు వంతెన అవతల, ఇంకో రోజు వందడుగుల రోడ్డులో ఉంటే సందు తెలిసినవాడికీ గుండె దడ తప్పదు. పుదుచ్చేరి పట్టణానికి ప్రకృతి ఇచ్చిన సౌకర్యం కూడా ఒకటుంది. బయటికి పోయే ప్రధాన మార్గాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దక్షిణాన కడలూరు రోడ్డు, పడమట విల్లుపురం రోడ్డు, వాయవ్యాన గోరిమేడు మీదుగా తిండివనం రోడ్డు, ఉత్తరాన కాలాపట్టు మీదుగా తూర్పుతీర రహదారి. హైదరాబాద్ లాంటి మహానగరంలో ఏ ఫ్లైఓవర్ కింద పోలీసులున్నారో నిమిషాల్లో ఫోన్లకు తెలిసిపోతుంది. ఇక్కడ తెలిసినా తప్పించుకునే దారులు తక్కువ.

హైదరాబాద్ అనుభవమూ చెప్పుకోవాలి. 2011 చివర్లో అక్కడ మొదలైన వారాంతపు తనిఖీలు దేశంలో చాలా నగరాలకు నమూనా అయ్యాయి. దొరికినవారిని కుటుంబ సభ్యులతో సహా కౌన్సెలింగ్‌కు పిలిచారు, కోర్టులు కొందరిని కొద్ది రోజులైనా జైలుకు పంపాయి. పదివేల జరిమానా కన్నా రెండు రోజుల జైలు, భార్య ముందు పోలీసు క్లాసు ఎక్కువ పనిచేస్తాయని అక్కడి ట్రాఫిక్ విభాగం కనిపెట్టింది. అయినా 2016 జూలైలో పంజాగుట్టలో పట్టపగలు తాగి ఉన్న విద్యార్థుల కారు డివైడర్ దాటి ఇంకో కారు మీద పడి తొమ్మిదేళ్ల పాపను బలి తీసుకుంది. శుక్ర, శనివారాల రాత్రి మాత్రమే తనిఖీ ఉంటుందని తెలిసినప్పుడు మిగిలిన వేళలన్నీ స్వేచ్ఛా వేళలే.

ఆలస్యమయ్యే పెద్ద శిక్ష ఎంత నిరర్థకమో ఢిల్లీ బి.ఎం.డబ్ల్యు. కేసు చెబుతుంది. 1999 జనవరిలో ఆరుగురు చనిపోయారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2012 ఆగస్టులో వచ్చింది. పదమూడేళ్ల తర్వాతి శిక్షను తలచుకుని ఎవరూ గ్లాసు కింద పెట్టరు. 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ, తాగి నడిపినవారి లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మూడు నెలలు చిన్న శిక్షే. కానీ వారంలో పడితే పదేళ్ల తర్వాతి జైలు కన్నా పదునైనది. ముదలియార్‌పేట కార్యాలయంలో ఆ ఫైలు ఎంత వేగంగా కదులుతుందన్నదే అసలు ప్రశ్న.

దుకాణాలను రోడ్డు నుంచి దూరంగా నెట్టే ప్రయత్నమూ జరిగింది. 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు ‘తమిళనాడు ప్రభుత్వం వర్సెస్ కె. బాలు’ కేసులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని తీర్పు చెప్పింది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమలు. వెంటనే కొన్నిచోట్ల రహదారులకు రాత్రికి రాత్రి పేర్లు మార్చి మామూలు రోడ్లని ప్రకటించారు. కేరళలోని ఉత్తర పరవూర్‌లో ఒక బారు ప్రవేశమార్గాన్ని మెలికలు తిప్పి నడక దూరాన్ని సాగదీసింది. ఆ జూలైలోనే సుప్రీంకోర్టు పురపాలక పరిధిలోని దుకాణాలకు ఈ నిషేధం వర్తించదని వివరణ ఇచ్చింది. ముదలియార్‌పేట పుదుచ్చేరి పురపాలక సంఘం పరిధిలోనిదే. అలా తీర్పు ఊళ్లు లేని చోట మిగిలింది, ఊరి మధ్యలో కరిగిపోయింది. నిజానికి పాదచారులు, సైకిళ్లు, స్కూటర్లు ఎక్కువగా ఉండేది ఊరి మధ్యనే. 2022లో దేశంలో రోడ్డు మీద పోయినవారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీదివారు, దాదాపు 20 శాతం నడిచి వెళ్లేవారు.

చట్టానికీ రోడ్డుకీ మధ్య రాజకీయం ఎలా అడ్డుపడుతుందో పుదుచ్చేరి చూసేసింది. 2019 ఫిబ్రవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ హెల్మెట్ నిబంధన అమలు చేయించడానికి స్వయంగా రోడ్డెక్కారు. ముందు అవగాహన, తర్వాతే అమలు అన్న ముఖ్యమంత్రి వి. నారాయణస్వామి రాజ్ నివాస్ ముందు ధర్నాకు దిగారు. దశాబ్దాలుగా చట్టంలో ఉన్న హెల్మెట్ ఇద్దరు నేతల అధికార పోరులో ఆయుధమైంది. 2025 జనవరిలో మళ్లీ హెల్మెట్ తప్పనిసరి అని ప్రకటించాల్సి వచ్చిందంటే మధ్య ఆరేళ్లు ఏమయ్యాయో వేరే చెప్పనక్కర్లేదు. అమలు ఒక వ్యక్తి పట్టుదల మీద ఆధారపడితే ఆ వ్యక్తితోనే వెళ్లిపోతుంది.

ఇంకో చిక్కు రాజ్యాంగంలోనే ఉంది. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం, మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోవి. శిక్ష ఢిల్లీ నిర్ణయిస్తుంది, సీసా ధర పుదుచ్చేరి నిర్ణయిస్తుంది. పైగా సీసా మీద పన్ను పుదుచ్చేరి ఖజానాకు చేరుతుంది, కానీ ముల్లోడై దాటాక జరిగిన ప్రమాదం తమిళనాడు లెక్కలోకి పోతుంది. యానాంలో తాగి వంతెన అవతల పడినవాడు ఆంధ్రప్రదేశ్ మృతుడు. రాబడి ఒకరిది, శవపంచనామా మరొకరిది. ఈ ఏర్పాటులో తనిఖీలు పెంచాలన్న తొందర ఎవరికీ పుట్టదు. ధరతో అదుపు చేయడం తెలియక కాదు. కోవిడ్ కాలంలో, 2020 మేలో, పొరుగు నుంచి జనం ఎగబడకుండా ప్రత్యేక సుంకం వేసి ధరలను తమిళనాడుతో సమానం చేశారు. 2021లో ఆ సుంకం పోయింది. వైరస్ సరిహద్దు దాటుతుందని భయపడిన ప్రభుత్వం, తాగిన డ్రైవరు దాటుతున్నాడని ఎన్నడూ అంత భయపడలేదు.

కాబట్టి చట్టం ఇంకా కఠినం కావాలన్న డిమాండ్‌ను కాసేపు పక్కన పెడదాం. 30 మిల్లీగ్రాముల పరిమితి చాలు, 10,000 జరిమానా చాలు. రోజుకూలి చేసుకునే తాపీపనివాడికి అది నెలలో సగం సంపాదన, కారులో వచ్చిన పర్యాటకుడికి ఒక రాత్రి బిల్లు. ఇంకా పెంచితే మొదటివాడు కుంగిపోతాడు, రెండోవాడు గమనించడు. కావలసినవి మూడే. చోటు, వేళ మారుతూ ఏడాది పొడవునా సాగే తనిఖీ, దానికి స్థానిక స్టేషన్‌తో సంబంధం లేని ప్రత్యేక బృందాలు. వారంలో తేలే లైసెన్సు సస్పెన్షన్. ప్రతి ప్రాణాంతక ప్రమాదంలోనూ తప్పనిసరి రక్తపరీక్ష, ఫలితం నిజాయితీగా నమోదు. మొదటిదానికి రాజస్థాన్‌లో అయినంత ఖర్చు చాలు. రెండోదానికి ముదలియార్‌పేట కార్యాలయం చాలు. మూడోది లేకపోతే మొదటి రెండూ పనిచేశాయో లేదో ఎన్నటికీ తెలియదు.

వీటితోపాటు కడలూరు, విల్లుపురం పోలీసులతో కలిసి సరిహద్దుకు రెండు వైపులా తనిఖీ చేసుకోవచ్చు. బార్లు మూసే వేళకు సరిహద్దు దాకా బస్సు నడపవచ్చు. ఎక్సైజ్ రాబడిలో చిన్న భాగం అందుకు ఖర్చుపెట్టినా ఖజానా దివాలా తీయదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కడం మానలేని ప్రభుత్వం కనీసం కాలు కడిగే నీళ్లైనా పోయాలి కదా.

కడలూరు రోడ్డు మీద రాత్రి పదకొండింటికి బండి తాళం తీసేవాడికి 185వ సెక్షన్ గుర్తుండదు. 2019 సవరణ గురించి అతడు విని ఉండకపోవచ్చు కూడా. ‘ఈ దారిలో ఇవాళ ఎవరైనా ఉన్నారా’ అని మాత్రం పక్కవాడిని అడుగుతాడు. ‘ఏమో, చెప్పలేం’ అన్న జవాబు వచ్చిన రోజు అతడు తాళం జేబులో పెట్టుకుంటాడు. ఆ రోజు అదే రోడ్డు దాటుతున్న ఇంకెవరో బతికి ఇంటికి చేరతారు. తాము బతికామన్న సంగతి వారికి తెలియను కూడా తెలియదు. మంచి చట్టం పనిచేసే తీరు అదే.